ఆ రాత్రి నొప్పి గురించి ఒక్క వాక్యమే రాశావు

ఈ వారం ఉత్తరం 17 ఏళ్ల అబ్బాయిది. సొంతూరు శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె. విజయవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ సెకండియర్, ఎంపీసీ చదువుతున్నాడు. పేరు వేయొద్దన్నాడు కాబట్టి వేయడం లేదు. నాలుగు పేజీల ఉత్తరంలోని సంగతులు క్లుప్తంగా ఇవి.

రెండు నెలల క్రితం స్నానం చేస్తుంటే ఎడమ వృషణం కుడిదానికంటే కిందికి జారి ఉన్నట్టు అనిపించింది. చేత్తో చూస్తే దాని పైభాగంలో "ఉడికిన సేమ్యా లాగా" మెత్తగా, మెలికలుగా ఏదో తగిలింది. వెనకవైపు చిన్న గడ్డలాంటిది కూడా ఉన్నట్టుంది. సాయంత్రం ఆడుకుని వచ్చేసరికి అక్కడ బరువుగా, లాగుతున్నట్టు ఉంటుంది. పడుకుంటే తగ్గుతుంది. ఎండాకాలం సెలవుల్లో ఊళ్లో క్రికెట్ ఆడుతుంటే బంతి సరిగ్గా అక్కడే తగిలింది, దానివల్లేనేమోనని అనుమానం. ఔటింగ్ ఇచ్చిన ఆదివారం ఫోన్‌లో వెతికితే క్యాన్సర్ అని కనబడింది. "మా ఫ్రెండ్ ఒకడికి ఇలా ఉందిరా" అని రూమ్మేట్‌ని అడిగితే, అలాంటివాళ్లకి పిల్లలు పుట్టరన్నాడు, ఎన్‌డీఏ (సైన్యంలో ఆఫీసర్లుగా చేరేవాళ్ల శిక్షణ అకాడమీ) మెడికల్స్‌లో కూడా తీసేస్తారన్నాడు. తాతకి వరిబీజం ఉండేదని నాయనమ్మ ఎప్పుడో చెప్పిన మాట గుర్తొచ్చింది. ఇప్పుడు రోజుకి ఏడెనిమిదిసార్లు బాత్రూంలోకి వెళ్లి చూసుకుంటున్నాడు. వీక్లీ టెస్టుల్లో మార్కులు పడిపోయాయి, నాన్నకి మెసేజ్ వెళ్లింది, ఫోన్‌లో చీవాట్లు పడ్డాయి. "దసరా సెలవులకి ఇంటికెళ్లాక చూద్దామనుకుంటున్నాను. నాన్నకి ఈ మాట ఎలా చెప్పాలి? లేడీ డాక్టర్ ఉంటే ఏం చేయాలి? ఇది క్యాన్సర్ కాదని మీరు ఒక్క మాట రాస్తే చాలు" అని ముగించాడు.

మూడో పేజీ చివర, ఏదో మర్చిపోయి తరవాత ఇరికించినట్టు ఒక వాక్యం ఉంది. పోయిన నెల ఒక రాత్రి నిద్రలో ఎడమవైపు భరించలేనంత నొప్పి వచ్చి మెలకువ వచ్చిందట, వాంతి కూడా అయిందట, అరగంటకి దానంతట అదే తగ్గిపోయిందట. వార్డెన్‌కి కడుపునొప్పి అని చెప్పాడట.

బాబూ,

నాలుగు పేజీల్లో నువ్వు భయపడుతున్నవి చాలా ఉన్నాయి. అందులో ఎక్కువ భాగం రెండు మూడు వారాలు ఆగినా ఏమీ కానివి. ఆగకూడనిది ఒకటుంది. దాని గురించి నువ్వు ఒక్క వాక్యమే రాశావు. అందుకే నీ ప్రశ్నల వరస మార్చి, ముందు ఆ రాత్రి సంగతి మాట్లాడతాను.

వృషణం సంచిలో ఒక తాడులాంటి దానికి వేలాడుతూ ఉంటుంది. రక్తనాళాలు, వీర్యనాళం అన్నీ ఆ తాడులోనే ఉంటాయి. మామూలుగా వృషణం వెనకవైపు సంచి గోడకి అతుక్కుని ఉంటుంది కాబట్టి అటూ ఇటూ తిరగదు. కొందరికి పుట్టుకతోనే ఆ అతుకు సరిగా ఉండదు. అలాంటివాళ్లలో వృషణం ఉన్నట్టుండి గిర్రున తిరిగి తాడు మెలిపడుతుంది. రక్తం ఆగిపోతుంది. దీన్ని టార్షన్ అంటారు. 12 నుంచి 18 ఏళ్ల మధ్య కుర్రాళ్లలో ఎక్కువగా వస్తుంది. దెబ్బ తగిలితేనో, ఆటల్లోనో రావాలని లేదు, నిద్రలో కూడా వస్తుంది. ఒకవైపు హఠాత్తుగా తీవ్రమైన నొప్పి, వికారం, వాంతి, వృషణం పైకి లాక్కుపోయినట్టు ఉండటం దీని లక్షణాలు. కొన్నిసార్లు మెలిక దానంతట అదే విడిపోతుంది, నొప్పి మాయమవుతుంది. నీకు ఆ రాత్రి జరిగింది ఇదేనని ఇక్కడ కూర్చుని నేను తేల్చలేను. కానీ నువ్వు రాసినదాన్ని చదివిన ఏ సర్జన్ అయినా ముందు దాన్నే అనుమానిస్తాడు. ఒకసారి తిరిగి విడిపోయినది మళ్లీ తిరగొచ్చు, ఆసారి విడిపోకపోవచ్చు.

మళ్లీ అలాంటి నొప్పి వస్తే చేతిలో ఉండే సమయం గంటల్లోనే. 6 గంటల్లోపు ఆపరేషన్ చేసి మెలిక విప్పితే చాలావరకు వృషణం దక్కుతుంది. 12 గంటలు దాటితే అవకాశం బాగా తగ్గిపోతుంది. రోజు గడిచాక దక్కడం అరుదు, అప్పుడు తీసేయాల్సి వస్తుంది. ఇలా పోగొట్టుకున్నవాళ్లలో చాలామంది దూరాభారం వల్ల కాదు, సిగ్గువల్ల ఆలస్యం చేసినవాళ్లు. "అక్కడ" అనడానికి నోరు రాక "కడుపునొప్పి" అంటారు. గ్యాస్ మాత్ర ఇస్తారు, ఇంజక్షన్ ఇస్తారు, పొద్దున్న చూద్దాంలే అంటారు. టార్షన్ నొప్పి నిజంగానే పొత్తికడుపులోకి పాకుతుంది కాబట్టి ఆ మాట నమ్మేస్తారు కూడా. మా సర్జరీ విభాగాల్లో జూనియర్లకి మొదట్లోనే చెప్పే మాట, కుర్రాడు కడుపునొప్పి అని వస్తే ప్యాంటు విప్పించి చూడకుండా పంపకూడదని.

ఈ ఒక్క విషయంలో నీకు ఆప్షన్లు ఇవ్వను. ఆ నొప్పి మళ్లీ వస్తే, అది అర్ధరాత్రి రెండైనా సరే, వార్డెన్‌ని లేపి "సార్, వృషణంలో భరించలేని నొప్పి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి" అను. ఆయన తటపటాయిస్తే 108కి ఫోన్ చేయించు. విజయవాడ, గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రుల్లో క్యాజువాలిటీ రాత్రింబవళ్లు తెరిచే ఉంటుంది. దారిలో ఏమీ తినకు, నీళ్లు కూడా తాగకు, ఆపరేషన్ చేయాల్సి వస్తే మత్తు ఇవ్వాలి. అరగంటలో తగ్గిపోయినా సరే, ఆగకుండా వెళ్లు.

మళ్లీ రాకపోయినా ఈ వారంలోనే యూరాలజిస్ట్‌కో, జనరల్ సర్జన్‌కో చూపించుకోవాలి. దసరా దాకా ఆగకు. అక్కడ ఆ రాత్రి కథ మొత్తం చెప్పాలి: ఎన్ని గంటలకి మెలకువ వచ్చింది, వాంతి ఎన్నిసార్లయింది, నొప్పి మెల్లగా తగ్గిందా, చటుక్కున పోయిందా. ఎందుకింత వివరం అంటే, నొప్పి లేని సమయంలో తీసిన స్కాన్ నార్మల్‌గానే రావచ్చు. నార్మల్ రిపోర్టు చూసి "ఏం లేదు, పో" అని పంపేయకుండా ఆపగలిగేది నువ్వు చెప్పే కథే. డాక్టర్‌కి అనుమానం బలపడితే రెండు వృషణాల్నీ సంచి గోడకి కుట్టేసే చిన్న ఆపరేషన్ సూచిస్తారు. రెండో వైపు ఎందుకంటే, ఒకవైపు అతుకు సరిగా లేనివాళ్లకి రెండోవైపూ అలాగే ఉండే అవకాశం ఎక్కువ. ఆపరేషన్ అంటే కొన్ని రోజుల విశ్రాంతి, కొన్ని వారాలు ఆటలు బంద్. వద్దనుకుని కనిపెట్టి ఉండటం కూడా ఒక దారే, కానీ హాస్టల్లో, అదీ వార్డెన్‌కి నిజం చెప్పలేని పరిస్థితిలో కనిపెట్టి ఉండటం ఎంత కష్టమో ఆ రాత్రి నీకే తెలిసింది. ఈ నిర్ణయం నువ్వు, మీవాళ్లు, డాక్టర్ కలిసి తీసుకోవలసింది. నీకు 18 నిండలేదు కాబట్టి ఆపరేషన్ అంటే ఎలాగూ అమ్మానాన్నల సంతకం కావాలి.

ఇక సేమ్యా సంగతి. నీ పోలిక చక్కగా ఉంది, సగం జబ్బు అందులోనే చెప్పేశావు. ఎడమవైపు, వృషణం పైన, మెత్తగా మెలికలుగా ఉండి, నిలబడితే బరువెక్కి, పడుకుంటే తగ్గేది చాలావరకు వేరికోసీల్. అంటే వృషణం నుంచి రక్తాన్ని వెనక్కి తీసుకెళ్లే సిరలు ఉబ్బటం. దాదాపు 15 శాతం మంది మగవాళ్లలో ఉంటుంది, కనబడటం మొదలయ్యేది యుక్తవయసులోనే. మీ క్లాసులో అరవైమంది ఉంటే అందులో ఎనిమిది తొమ్మిదిమందికి ఉండొచ్చు, వాళ్లెవరూ ఇంకొకరికి చెప్పరు, అంతే తేడా. ఎడమవైపే ఎందుకంటే, కుడివైపు సిర పక్కనే ఉన్న పెద్ద సిరలో ఏటవాలుగా కలుస్తుంది. ఎడమది ఇంకా పైకి వెళ్లి ఎడమ కిడ్నీ నుంచి వచ్చే సిరలో అడ్డంగా కలవాలి. రక్తం అంత ఎత్తుకి ఎక్కడానికి ఇబ్బంది పడి వెనక్కి తన్నుతుంది. కుడివైపు మాత్రమే వచ్చినా, పడుకున్నా ఉబ్బు తగ్గకపోయినా డాక్టర్లు కడుపు కూడా స్కాన్ చేయిస్తారు. నీది అలా లేదు.

ఎడమది కిందికి జారి ఉండటం ఎక్కువమందిలో మామూలే. చలికి పైకి ముడుచుకోవడం, వేడికి వదులై కిందికి దిగడం కూడా దాని పనే. వీర్యకణాలు తయారవ్వడానికి ఒంటి వేడికంటే రెండు మూడు డిగ్రీలు తక్కువ కావాలి కాబట్టే అది ఒంటి బయట వేలాడుతుంది.

పిల్లలు పుట్టరన్న మాటలో మీ రూమ్మేట్ ఒక నిజాన్ని తిరగేశాడు. పిల్లలు లేక పరీక్షలకి వచ్చే మగవాళ్లలో వేరికోసీల్ ఎక్కువమందికి కనబడుతుంది, అది నిజం. కానీ వేరికోసీల్ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి మామూలుగానే పిల్లలు పుడతారు, వాళ్లు ఏ డాక్టర్ దగ్గరికీ రారు కాబట్టి లెక్కలోకి రారు. నీ వయసులో డాక్టర్లు చూసేది ఒకటే, ఆ వైపు వృషణం రెండోదానితో సమానంగా పెరుగుతోందా లేదా అని. స్కాన్‌లో రెండింటి పరిమాణం కొలుస్తారు. తేడా 20 శాతం దాటి అలాగే ఉండిపోతే, లేదా నొప్పి రోజూ ఇబ్బంది పెడుతుంటే ఆపరేషన్ గురించి మాట్లాడతారు. లేకపోతే ఏడాదికోసారి కొలిపించుకుంటే సరిపోతుంది. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో కొద్దిమందికి మళ్లీ రావడమో, నీరు చేరడమో ఉంటుంది కాబట్టి అవసరం లేకుండా తొందరపడాల్సిన పని లేదు. ఈలోగా ఆటలప్పుడు బిగుతైన లోదుస్తు వేసుకుంటే లాగుడు తగ్గుతుంది. ఎన్‌డీఏ మాటకొస్తే, సైనిక ఉద్యోగాల మెడికల్స్‌లో వేరికోసీల్ చూస్తారు, అన్‌ఫిట్ అనడమూ ఉంటుంది. ఆపరేషన్ అయి మానిపోయినవాళ్లని మళ్లీ పరిగణించడం కూడా ఉంది. నువ్వు రాసే ఏడాది నోటిఫికేషన్‌లో నియమాలు చదివి డాక్టర్‌తో మాట్లాడు.

వెనకవైపు గడ్డ అన్నావు. ప్రతి వృషణానికీ వెనక, పైనుంచి కిందికి మెత్తటి తాడుముక్కలాంటి భాగం ఒకటి అతుక్కుని ఉంటుంది. వీర్యకణాలు పరిపక్వమయ్యే చోటు అది, ఎపిడిడిమిస్ అంటారు. కుర్రాళ్లు తమని తాము తొలిసారి జాగ్రత్తగా చూసుకున్నప్పుడు గడ్డ అని హడలిపోయేది ఎక్కువగా దీన్ని చూసే. కుడివైపు కూడా అదే చోట అదే ఉందేమో చూడు. ఉంటే అది నీ ఒంట్లో భాగమే.

క్యాన్సర్ కాదని ఒక్క మాట రాయమన్నావు. చేత్తో చూడకుండా ఆ మాట రాయడం నాకు తగదు. కానీ ఏది అనుమానించాలో చెప్పగలను. వృషణ క్యాన్సర్ సాధారణంగా వృషణంలోపలే గట్టిగా, నొప్పి లేకుండా, గులకరాయిలా తగులుతుంది. పడుకున్నా తగ్గదు. నువ్వు రాసినది మెత్తగా ఉంది, బయట ఉంది, పడుకుంటే తగ్గుతోంది. మన దేశంలో ఇది ఏడాదికి లక్షమంది మగవాళ్లలో ఒక్కరికంటే తక్కువ మందికి వస్తుంది. చిన్నప్పుడు వృషణం సంచిలోకి దిగనివాళ్లకి ముప్పు కొంచెం ఎక్కువ, అలాంటిదేమైనా ఉందా అని అమ్మని అడుగు. ఒకవేళ వచ్చినా, మొదట్లో పట్టుకుంటే నూటికి 95 మందికి పైగా నయమయ్యే క్యాన్సర్ ఇది. యువరాజ్ సింగ్ ఛాతీలో వచ్చిన కణితి కూడా ఈ కుటుంబానికి చెందినదే. 2012లో కీమోథెరపీ చేయించుకుని అదే ఏడాది సెప్టెంబరులో మళ్లీ ఇండియాకి ఆడాడు. బంతి దెబ్బవల్ల క్యాన్సర్ రాదు. దెబ్బ తగిలాక చెయ్యి అక్కడికి వెళ్లి, అంతకుముందే ఉన్నదేదో తెలిసిరావడం మాత్రం జరుగుతుంది. ఇకమీదట ఆడేటప్పుడు గార్డు పెట్టుకో.

తాతగారి వరిబీజం మీద కూడా భయం వద్దు. మీ ఉత్తరాంధ్రలో ఆ తరం వాళ్లకి వచ్చిన వరిబీజాల్లో చాలా భాగం ఫైలేరియా వల్ల వచ్చినవి, బోదకాలు తెచ్చే దోమకాటే దానికీ మూలం. రక్తసంబంధంతో సంక్రమించేది కాదు. పైగా వరిబీజం అంటే నీరు చేరడం, అది వృషణం చుట్టూ తిత్తిలా ఉంటుంది. డాక్టర్ గది చీకటి చేసి టార్చి ఆనిస్తే లోపలంతా ఎర్రగా వెలుగుతుంది. సిరల ఉబ్బు అలా వెలగదు.

పరీక్ష ఎలా ఉంటుందో తెలిస్తే నీ టెన్షన్ సగం తగ్గుతుంది. తెర వెనక నిలబడమంటారు, గ్లౌజు వేసుకుని రెండు వైపులా చూస్తారు, ఊపిరి బిగబట్టి ముక్కమంటారు, అప్పుడు ఆ సిరలు ఉబ్బుతాయి. తరవాత పడుకోబెట్టి చూస్తారు. అయిదు నిమిషాల పని. రక్తం ఎలా పారుతోందో చూసే డాప్లర్ స్కాన్‌లో చల్లటి జెల్ రాసి చిన్న పరికరం ఆనిస్తారు, నొప్పి ఉండదు. మగ డాక్టర్ కావాలని అడిగే హక్కు నీకుంది, ఓపీ చీటీ రాయించుకునేటప్పుడే అడుగు. కానీ ఎమర్జెన్సీలో లేడీ డాక్టర్ ఉంటే ఆగొద్దు. ఆవిడకి నువ్వు ఆ రోజు చూసే ఇరవయ్యో పేషెంటువి, రేపటికి నీ మొహం కూడా గుర్తుండదు. పరీక్ష చేసేటప్పుడు నాన్నని కాసేపు బయట ఉండమనాలనిపిస్తే, ఆ మాట డాక్టర్‌తో చెప్పు, ఆయనే పంపుతారు. గోడల మీద "నరాల బలహీనత" అని రాసి ఉండే క్లినిక్‌ల వైపు మాత్రం వెళ్లకు. నిద్రలో వీర్యం పోవడాన్నీ నీ భయాన్నీ ముడేసి నెలల తరబడి పొడులు అమ్ముతారు. నీ వయసులో అది సహజం, నీ నొప్పికీ దానికీ సంబంధం లేదు.

ఎవరికి చెప్పాలి అన్నది నువ్వు తేల్చుకోవలసిందే. నాన్నకి చెబితే పని తొందరగా అవుతుంది, సంతకాలూ డబ్బూ ఆయన చేతిలోనివే. ఆయన కోపం మార్కుల మీద, దాని వెనక కారణం ఆయనకి తెలియదు. అమ్మకి చెప్పడం నీకు సులువనిపిస్తే చెప్పు, ఆవిడ ఎలాగూ ఆయనకి చేరవేస్తుంది, కాకపోతే మధ్యలో మాట మారి "ఏదో కడుపునొప్పట" అయిపోకుండా చూసుకో. మావయ్యో, ఉద్యోగం చేస్తున్న అన్నయ్యో దగ్గర్లో ఉంటే వాళ్లు వెంట రాగలరు, ఇంట్లో కూడా నచ్చజెప్పగలరు. ఎవరూ కాదంటే జిల్లా ఆసుపత్రుల్లో 10 నుంచి 19 ఏళ్ల వాళ్ల కోసం కౌమార ఆరోగ్య క్లినిక్‌లు ఉన్నాయి, 2014లో కేంద్రం మొదలుపెట్టిన కార్యక్రమం కింద నడుస్తాయి. మొదటి మాట అక్కడ మాట్లాడొచ్చు. కానీ హాస్టల్ నుంచి బయటికి రావాలంటే ఇంటినుంచి ఫోన్ రావాలి కదా, అందుకని ఇంట్లో ఒక్కరికైనా తెలియక తప్పదు.

ఫోన్‌లో పెద్దగా ఉపోద్ఘాతం వద్దు. "నాన్నా, పోయిన నెల రాత్రి వృషణంలో బాగా నొప్పి వచ్చి వాంతయింది. సర్జన్‌కి చూపించాలి, ఈ వారంలోనే. అవుట్‌పాస్ కోసం ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేయండి." ఇంతే. ఆయన వయసుకి కూడా ఈ మాట విని ఇబ్బందిపడతారు, ఒక క్షణం మాట్లాడకపోవచ్చు. దాన్ని కోపం అనుకోకు. లైన్లో నీ వెనక ఫోన్ కోసం పిల్లలు నిలబడి ఉంటారని నాకు తెలుసు. గట్టిగా చెప్పలేకపోతే "డాక్టర్‌కి చూపించుకోవాల్సిన సంగతి ఉంది, మీరు స్వయంగా రండి" అని పిలిపించుకుని ఎదురుగా చెప్పు.

బాత్రూంలో రోజుకి ఏడెనిమిదిసార్లు చూసుకోవడం ఈరోజే ఆపేయ్. అన్నిసార్లు నొక్కితే నొక్కుడుకే నొప్పి పుడుతుంది, ఆ నొప్పి చూసి మళ్లీ భయం వేస్తుంది. నెలకోసారి, వేడినీళ్ల స్నానం తరవాత, ఒక్క నిమిషం చాలు. డాక్టర్‌కి చూపించుకున్నాక కూడా చెయ్యి అటే వెళుతుంటే, రాత్రుళ్లు నిద్ర పట్టకపోతుంటే 14416కి ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అని ప్రభుత్వ హెల్ప్‌లైన్, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

స్కాన్ రిపోర్టు వచ్చాక అందులో అర్థం కాని మాట ఏదైనా ఉంటే, ఉన్నది ఉన్నట్టు ఎక్కించి నాకు పంపు. ఆ రాత్రి సంగతి డాక్టర్‌కి చెప్పావో లేదో అది కూడా రాయి.